మడుగు గట్టున ఒంటి చెప్పు

ఈ ప్రయాణంలో మేము చూసిన మడుగు పేరు నేను రాయను. రాస్తే మీలో కనీసం నలుగురు తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరతారు. తిరుపతికీ చిత్తూరుకీ మధ్య, పెద్ద రోడ్డు వదిలి లోపలికి వెళితే, కొండల కింద ఉందని మాత్రం చెబుతాను. మా వీధిలోవాళ్లు అడిగినా ఇంతే చెప్పాను. "అంత రహస్యమా!" అని మూతి తిప్పుకున్నారు. తిప్పుకోనివ్వండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు సరిగ్గా ఎక్కదు. గోదావరి కాలువ మీద, లాకుల దగ్గర, వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్పైరెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. తలుపులు ఎత్తించడం, దించడం, గట్లు తెగకుండా చూడడం, గేదెల్ని కాలువలో కడిగేవాళ్లని తిట్టడం నా ఉద్యోగం. బోర్డులు రాయించడం కూడా. మా లాకుల దగ్గర "ఇచ్చట లోతు గలదు. స్నానము చేయరాదు" అన్న బోర్డు ఉంది చూశారూ, ఆ వాక్యం నాదే. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా బోర్డులు చదివే జబ్బు పట్టుకుంది. మా ఆవిడ సత్యవతి గోపురం చూస్తుంది, నేను గోపురం పక్కన కట్టిన నోటీసు చదువుతాను. నలభై ఏళ్లుగా మా యాత్రలన్నీ ఇలాగే సాగుతున్నాయి.

తిరుపతి: చెప్పుల గుట్ట

కొండ మీద దర్శనం గురించి రాయను. అది ఎవరికి వారు చూసి రావలసిన సంగతి. కింద ఊళ్లో రెండు రోజులున్నాం, దాని గురించి చెబుతాను.

పొద్దున్నే టిఫినుకు వెళితే పాతికేళ్లు నిండని సర్వరు "ఏం కావాలప్పా?" అన్నాడు. మా వైపు అయితే ఆ మాటకి ఒక చూపు చూసి ఉండేవాణ్ణి. ఇక్కడ మగవాళ్లందరూ ఒకళ్లకొకళ్లు అప్పాలేనని సాయంత్రానికి గాని నాకు అర్థం కాలేదు. ఇడ్లీ నలభై రూపాయలు, సాంబారు అడిగినంత. పెసరట్టు ఉందా అంటే లేదని చెప్పకుండా జాలిగా చూశాడు. వీళ్లు పొద్దున్నే పొంగలి తింటారు. పొంగలి తిన్నవాడు మళ్లీ పక్క వేసుకుని పడుకోవాలి గాని పనికి ఎలా వెళతాడో నాకు అంతుపట్టలేదు. కాఫీ మాత్రం బాగుంది. ఒప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు గాని, బాగుంది.

ఒక సందు చివర ఎవరిదో పాత సత్రం గోడ మీద మూరెడేసి అక్షరాలతో "చెప్పులు ఇచ్చట విడువరాదు" అని రాసి ఉంది. సరిగ్గా దాని కిందే మోకాలెత్తు చెప్పుల గుట్ట. కాసేపు ఆగి ముచ్చటగా చూశాను. ఆ గోడ మీద ఆ రాత లేకపోతే అక్కడ ఒక్క చెప్పు కూడా ఉండేది కాదు. "చెప్పులు" అని కనబడగానే ఇదే చెప్పుల చోటు అనుకున్నారు జనం. మిగతా రెండు మాటలు చదివే ఓపిక ఎవరికుంది? సత్యవతి కూడా తనవి అక్కడే వదిలింది. బోర్డు చూపించాను.

"అందరూ వదిలారుగా" అంది.

"అందరూ నూతిలో దూకితే?"

"మీరు నావి చూస్తూ ఇక్కడే నిలబడండి" అని పక్క గుళ్లోకి వెళ్లిపోయింది.

నేను నిలబడలేదు. ఎదురు గోడ మీద ఇంకో నోటీసు కనిపిస్తే చదవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గుట్ట ఉంది, ఆవిడ చెప్పులు లేవు. కొత్తవి కొన్నాం. నీలం పట్టీల రబ్బరు చెప్పులు, రెండువందల ఎనభై. మా ఊళ్లో నూట అరవైకి వస్తాయని దారి పొడుగునా అంటూనే ఉన్నాను. ఈ చెప్పులు గుర్తుపెట్టుకోండి.

ఏర్పేడులో ఎక్కిన పెద్దమనిషి

మర్నాడు కాళహస్తి వెళ్లి తిరిగి వస్తుంటే, ఏర్పేడులో ఒక పెద్దమనిషి బస్సెక్కి మా పక్కన కూర్చున్నాడు. నుదుటి నిండా తిరునామం, చేతిలో గొడుగు. బడిపంతులుగా చేసి రిటైరయ్యాడట. సత్యవతి సీట్లోంచి లేవబోయి "అమ్మా" అని మోకాలు పట్టుకోవడం చూశాడు. ఇంక వదల్లేదు.

"మోకాళ్ల నొప్పులా అమ్మా? మందులు వాడి వాడి లాభం లేదు. ఒక మడుగు ఉండాది. ఆడ కాళ్లు ముంచండి, మూడు మునకలు. ఏనుగు కాలు మొసలి పట్టుకుంటే స్వామి పరిగెత్తుకుంటా వచ్చి విడిపించినాడే, ఆ కథ జరిగింది ఈడనే. కాలు విడిపించిన నీళ్లు గదా, కాళ్ల నొప్పులు నిలబడవు."

ఆ ఏనుగు కాలు ఇప్పటికి నాలుగు ఊళ్లలో ఇరుక్కుందని విన్నాను, ఇది ఐదో ఊరు. ఆ మాట పైకే అన్నాను. సత్యవతి నా తొడ మీద గిల్లింది.

"బొమ్మ కూడా ఉండాది సార్, నీళ్ల గట్టున. ఏనుగు, మొసలి. పసుపు, కుంకుమ, కర్పూరం, అంతా జరగతా ఉండాది" అన్నాడు ఆయన, నొచ్చుకోకుండా.

"వెలిసిందా, ఎవరన్నా వేశారా?"

"వెలిసిందో ఏసినారో నాకు తెలీదు. ఉండాదా లేదా? ఉండాది."

 తిరుపతిలో దిగేలోపు సత్యవతి మడుగుకు దారి, ఆటో ఎక్కాల్సిన చోటు, దగ్గరలో భోజనం ఎక్కడ దొరుకుతుందో అన్నీ కనుక్కుంది. నేను వెళ్లనంటే ఒక్కతే వెళ్లేలా ఉంది. సరే, నీళ్ల సంగతి తెలిసిన మనిషి ఒకడు పక్కన ఉండాలి కదా అని నేనూ బయల్దేరాను.

లేచి వడ్డించని మనిషి

మడుగుకు అర కిలోమీటరు ఇవతల, షేర్ ఆటో దించే చోట, రేకుల కింద ఒక భోజనాల అంగడి. నడుపుతున్నది నలభై ఏళ్ల మనిషి, పేరు కుప్పమ్మ. పొయ్యి వెనక పీట మీద కూర్చుని ఉంది. మేము వెళితే లేవలేదు. పలకరింపుగా తల మాత్రం ఊపింది.

"ప్లేట్లు ఆడ ఉండాయి మా. సంగటి ఆ గిన్నెలో, పప్పు ఈ గిన్నెలో. మీరే ఏసుకోండి."

మా వైపు పూటకూళ్ల ఇంట్లో అయినా ఎదురొచ్చి, విస్తరి వేసి, "ఇంకొంచెం" అని బలవంతం చేసి పెడతారు. డబ్బు తీసుకుని కూర్చున్న చోటు నుంచి కదలని హోటలు నేను ఎక్కడా చూడలేదు. నీళ్ల గ్లాసు కూడా మనమే ముంచుకోవాలట. ఆ మాటే సత్యవతితో అన్నాను, కుప్పమ్మకు వినబడేలాగే అన్నాను. ఆవిడ విని పప్పు గిన్నె మీద మూత సర్దింది.

రాగి సంగటి ముద్ద నల్లగా, గుండ్రంగా ఉంది. మధ్యలో గుంట చేసి నెయ్యి పోసుకోవాలి. నమలకూడదట, పప్పులో అద్ది మింగాలట. అన్నం నమిలి పెరిగిన నోరు నాది, మింగుడు పడడానికి టైము పట్టింది. సత్యవతి మాత్రం సెనక్కాయల చట్నీ రెండోసారి వేసుకుని, రాగులు ఎలా ఎసట్లో పోయాలో అడిగి తెలుసుకుంది. మనిషికి యాభై.

లేస్తుంటే కుప్పమ్మ అడిగింది. "నీళ్లకాడికి పోతా ఉండారా?"

"ఆఁ."

"దిగొద్దు మా. పది అడుగులు ఇవతలనే నిలబడి దణ్ణం పెట్టుకోండి."

సత్యవతి ఎందుకని అడగబోయింది. నేను అడగనివ్వలేదు. "ముప్పైరెండేళ్లు నీళ్ల మీదే ఉద్యోగం చేశానమ్మా" అన్నాను. మడుగు ఒడ్డున సంగటి అమ్ముకునే మనిషి గోదావరి వాడికి నీళ్ల గురించి చెప్పడం ఏమిటని నా లోపల. కుప్పమ్మ నా వైపు ఒకసారి చూసి, పొయ్యిలోకి కట్టె ఎగదోసింది.

ఏనుగు, మొసలి, తామరపూలు

మడుగు బాగానే ఉంది. చుట్టూ కొండలు, కదలిక లేని ఆకుపచ్చ నీళ్లు. ఏదో చిన్న ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లు గాని పురాణాల నాటివేం కావు. ఆనకట్ట కాంక్రీటు చూసి వయసు చెప్పగలను నేను. అవతలి ఒడ్డున సగం మునిగిన మొద్దు ఒకటి పడి ఉంది. "చూశావా, మొద్దులు కూడా తీయించరు. నా హయాంలో అయితే కాలువ కాపలా లస్కరు చెవి మెలిపెట్టి తీయించేవాణ్ణి" అన్నాను.

గట్టు మీద ఆ బొమ్మ. బొమ్మ అంటే రెండు ఇనప గొట్టాల మీద నిలబెట్టిన రేకు. పై సగంలో ఎడమ పక్క ఏనుగు, కుడి పక్క మొసలి, ఒకదానికెదురుగా ఒకటి. వేసినవాడెవడో గుళ్లకి బొమ్మలు వేసే చేయి అని చూడగానే తెలిసిపోయింది. ఏనుగు నుదుటికి పట్టీ పెట్టాడు. నీళ్లలో తామరపూలు వేశాడు. మొసలి ఇంచుమించు నవ్వుతోంది. రేకుకు బంతిపూల దండ, పసుపు, కుంకుమ బొట్లు, కింద కొబ్బరి చిప్పలు. కింది సగమంతా కర్పూరం మసి.

మసి వెనక అక్షరాలు ఉన్నట్టనిపించింది. నా జబ్బు సంగతి చెప్పాను కదా. జేబురుమాలు తడిపి తుడిచాను. "ఈ జలాశయ పరిసరములందు వన్యప్రాణుల సంచారము కలదు. సందర్శకులు తగు జాగ్రత్తలు పాటించవలెను. అతిక్రమించినవారు శిక్షార్హులు."

అప్పుడు నేను ఏమనుకున్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. భాష బాగుందనుకున్నాను. "పరిసరములందు" అన్నది ఎంతమందికి రాయడం వస్తుంది ఈ రోజుల్లో! లేళ్లు, కుందేళ్లు తిరుగుతాయి కాబోలు, వాటిని కొట్టకూడదని పెట్టారు, తెలివితక్కువ జనం దాన్నే దేవుణ్ణి చేశారు అనుకుని నవ్వుకున్నాను. నాకు జనం తెలివితక్కువతనం వరకే కనబడింది.

ఆ రేకు పక్కనే ఒక వెదురు కర్ర పాతి ఉంది. దానికి కంటి ఎత్తున, కట్టుడుతీగతో, ఒక చెప్పు కట్టి ఉంది. ఒక్కటే. ఆకుపచ్చ పట్టీల ఆడ చెప్పు, మడమ దగ్గర అరిగిపోయింది.

అక్కడ మాకన్నా ముందు వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. పుంగనూరు వైపు నుంచి వచ్చిన రైతు, ఆయన తల్లి. ముసలావిడ గుండుకు చందనం ఇంకా ఆరలేదు. ఇద్దరూ పళ్లెంలో కొబ్బరికాయ పట్టుకుని, నీళ్లకు దూరంగా నిలబడి ఆ చెప్పు వంకే చూస్తున్నారు.

"ఏమయ్యా, దిగలేదేం?" అన్నాను.

"అర్ధగంట అయిందప్పా వచ్చి. మా యమ్మకు కాళ్లు రావు, ముంచుకుని పోదామని వస్తిమి. ఆ సెప్పు సూస్తే భయమైతా ఉండాది. ఎవురన్నా ఏమన్నా సేసి పెట్టినారేమో అని."

సత్యవతి చెవులు మూసుకుంది. "స్వామి పక్కన చెప్పేమిటండీ, పాపం!"

నాకు ఒళ్లు మండింది. లారీ వెనక దిష్టికి చెప్పు కడితే సరే అనుకుంటాం. దేవుడి దగ్గర? ఎవడో తాగుబోతు పని. తీగ మెలి విప్పి, చెప్పు పీకి, ఆ పక్క కంపచెట్లలోకి విసిరి పారేశాను. చేతులు దులుపుకున్నాను కూడా.

"మంచి పని సేసినారప్పా!" అన్నాడు రైతు. ముసలావిడ నాకు దణ్ణం పెట్టింది. నేను హుందాగా తల ఊపాను.

రైతు తల్లిని రెక్క పట్టుకుని నీళ్లలోకి దించాడు. ముసలావిడకు మోకాళ్ల దాకా వచ్చాయి నీళ్లు. సత్యవతి కొత్త చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వాళ్ల వెనకే బురదలో కాలు పెట్టింది. "జారుతుంది, జాగ్రత్త" అని గట్టు మీంచి సలహా ఇచ్చాను. ఎందుకో అవతలి ఒడ్డు వైపు చూశాను. మొద్దు లేదు.

నేను ముప్పైరెండేళ్లు నీళ్లు చూశాను. గాలి లేనప్పుడు, ప్రవాహం లేనప్పుడు, మొద్దు ఎక్కడికీ పోదు. అది తెలిసీ కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. నా వెనక నుంచి రేకు డబ్బా మీద కర్రతో బాదుతున్న చప్పుడు, మనిషి కేక ఒకేసారి వినబడ్డాయి.

"బయటికి రాండి! ఎనక్కి రాండి! లాగప్పా ముసిలామెను!"

రైతు తల్లిని చంకల కింద చేతులు వేసి ఎత్తి, వెనక్కి పడ్డాడు. సత్యవతి తిరగబోయి బురదలో కూలబడింది. పరిగెత్తుకొచ్చిన మనిషి డబ్బాను నీళ్లలోకి విసిరాడు. ముసలావిడ నిలబడిన చోట నీళ్లు ఒక్కసారి బుసబుసమని లేచాయి. కొబ్బరికాయ, పళ్లెం, రైతు భుజం మీది తువ్వాలు తేలుతున్నాయి. చూస్తుండగానే తువ్వాలు లోపలికి పోయింది. ఎవరో కింద నుంచి లాక్కున్నట్టు పోయింది. మళ్లీ పైకి రాలేదు.

మునిరత్నం అడిగినవి

వచ్చినతని పేరు మునిరత్నం. ఆ మడుగుకు కాపలా మనిషి, రోజు కూలీ మీద. మాలో ఎవరికీ ఏమీ కాలేదని చూసుకున్నాక, అతను మమ్మల్ని తిట్టలేదు. కర్ర వైపు చూశాడు.

"సెప్పు యాడ?"

నేను తడి జేబురుమాలు పిండసాగాను.

"ఈ కర్రకు సెప్పు కట్టింటి. యాడ పోయింది?"

రైతు నా వైపు వేలు చూపించాడు. ఐదు నిమిషాల కింద మంచి పని చేశావన్న మనిషే. మునిరత్నం కంపల్లోకి దూరాడు. ముళ్లు చీరుకుపోయి, మోచేతుల దాకా నెత్తురు గీతలతో బయటికి వచ్చాడు. చెప్పు దులిపి, పంచెతో తుడిచి, మళ్లీ కర్రకు కట్టడం మొదలుపెట్టాడు. నా తప్పు నాకు తెలుస్తోంది గాని, నోరు ఊరుకోదు కదా.

"దేవుడి దగ్గర చెప్పు కడితే ఎవరైనా తీస్తారయ్యా. పక్కన బోర్డు ఉంది కదా!"

"బోర్డు సదివినారా సార్?"

"చదివాను."

"ఏమని ఉండాది?"

చెప్పాను. పరిసరములందు దగ్గర మొదలుపెట్టి శిక్షార్హుల దాకా అప్పజెప్పాను.

"మొసలి అని ఉండాదా?"

లేదు. మూడు వాక్యాల్లో ఎక్కడా మొసలి లేదు.

"ఎండాకాలం ఏనుగులు నీళ్లకు వస్తాయి, నీళ్లల్లో మొసలి ఉండాది. రెండిటికీ కలిపి ఒకే బోర్డు సాలన్నారు సార్. చిత్తూర్లో బొమ్మలేసే ఆయప్పకు ఏనుగు, మొసలి ఏయమన్నారు. ఆయప్పకు తెలిసిన ఏనుగు, మొసలి ఒకటే గదా, ఆ కథలోదే ఏసినాడు. పెట్టిన వారానికే ఎవురో పసుపు పూసినారు. నెలకు టెంకాయలు. ఇప్పుడు కాళ్లనొప్పులోళ్లంతా ఈడికే. ముందు ఈడికి ఎవురూ వచ్చేవాళ్లు కాదు సార్. ఈ బోర్డు పెట్టినంకనే వస్తా ఉండారు."

"అయితే ఈ చెప్పు?"

"నా పెండ్లాముది. ఎడమ కాలిది." తీగ బిగిస్తూనే చెప్పాడు. "రెండేండ్ల కింద దూడకు గడ్డి కోస్తా ఉండింది, ఈడనే. నేను ఆ పక్క ఉంటిని. కాలు మోకాలి కింద నుంచి పోయింది. మనిషి దక్కింది. ఈ బోర్డు పెట్టింది దాని కోసరమే. మీరు సంగటి తిన్న కాడ కూర్సోని ఉండ్లా?"

సత్యవతి బురదలో కూర్చునే నా వైపు చూసింది. "లేవదేం మహారాణి" అని నేను అన్న మాట ఆ చూపులో ఉంది. పైన రాయలేదు గాని, కుప్పమ్మకు వినబడేలా నేనన్నది ఆ మాటే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎన్ని చెప్పినా జనం ఆగలేదట. డబ్బా కొట్టాడు, కర్ర తిప్పాడు, ముళ్లకంప అడ్డం వేశాడు. భక్తులు కంప తీసి పక్కన పెట్టి దిగారు. ఒకరోజు విసుగొచ్చి, ఇంట్లో వృథాగా పడి ఉన్న ఆ ఎడమ చెప్పు తెచ్చి కట్టాడు. ఆగారు. ఒక్కొక్కడూ ఒక్కోటి అనుకున్నాడు, చేతబడి అని కొందరు, దయ్యమని కొందరు. ఏమనుకున్నా కాలు ముందుకు పడలేదు.

"కానీ పై ఆఫీసుకు కంప్లయింట్లు పోతా ఉండాయి సార్, దేవుడి కాడ సెప్పు కట్టినాడని. మూడుసార్లు తీయించినారు. మళ్లా కడితే పనిలో నుంచి తీసేస్తామన్నారు. మీరు గవర్మెంటులో నీళ్ల పని సేసినారంట గదా, మా ఇంటామె ఇందాకనే ఫోన్ సేసి సెప్పింది. ఒక లెటరు రాసియ్యండి. సెప్పు ఉండనీమని రాయండి. అంతే."

నేను తల ఊపాను. ఈసారి హుందాగా కాదు.

సత్యవతి చీలమండ బెణికి అప్పుడే ఉబ్బింది, చెప్పు పట్టడం లేదు. కొత్త చెప్పులు రెండూ చేతిలోకి తీసుకుని మునిరత్నానికి ఇచ్చింది. "ఇవి ఉంచు బాబూ. మళ్లీ ఎవరో ఒక మహానుభావుడు వచ్చి పీకి పారేస్తాడు" అంది, నా మొహం చూడకుండా.

"జత వద్దు మా. జత కడితే ఎవురో మర్సిపోయినారని ఏసుకుని పోతారు. ఒకటే సాలు" అన్నాడు అతను. ఒకటి తీసుకుని, రెండోది, ఉబ్బిన కాలిదే, తిరిగి ఇచ్చాడు.

వెళ్లేటప్పుడు కుప్పమ్మ అంగడి ముందు ఆగాం. నేను క్షమించమన్నాను. "దేనికి సార్?" అంది ఆవిడ, సత్యవతి కాలు చూస్తూ. "పసుపు, సున్నం కలిపి పట్టేయండి మా. ఆ డబ్బాలో ఉండాది, మీరే తీసుకోండి."

చిత్తూరు: రెండు బల్లల మధ్య

మామిడికాయల రోజులు. చిత్తూరు చుట్టూ ఎక్కడ చూసినా తోతాపురి కాయల ట్రాక్టర్లు, రసం ఫ్యాక్టరీల ముందు వరసలు కట్టి ఉన్నాయి. బస్టాండులో ఉప్పుకారం చల్లిన ముక్కలు పొట్లం ఇరవై. సత్యవతి ఒక కాలికి గుడ్డకట్టు, రెండో కాలికి నా చెప్పు వేసుకుని బెంచీ మీద కూర్చుని తింటోంది. పక్కన నేను లెటరు రాయడానికి కుస్తీ పడుతున్నాను.

మొదటి కాయితం మీద "విషయము: జలాశయ పరిసరములందు" అని వచ్చింది. చించేశాను. రెండోదాని మీద "తగు చర్యలు" అని వచ్చింది. చేయి ఆ దారినే పోతోంది, ఏం చేయను? మూడో కాయితం సత్యవతి లాక్కుంది. "మడుగులో మొసలి ఉంది. మీ బోర్డు చూసి జనం దిగుతున్నారు. చెప్పు చూసి ఆగుతున్నారు. చెప్పు ఉండనివ్వండి" అని రాసిచ్చింది. కింద నేను సంతకం పెట్టాను.

అది పట్టుకుని వెళ్లిన ఆఫీసు ఏదో రాయను. అక్కడి ఆయన మర్యాదస్థుడే, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. లెటరు చదివి నవ్వాడు.

"మొసలి ఉందని మేమే బోర్డు మీద రాస్తే, రేపు అది కరిస్తే తెలిసి ఎందుకు ఊరుకున్నారంటారు సార్. వన్యప్రాణులు అంటే అందులో అన్నీ వచ్చేస్తాయి. మీరూ డిపార్ట్‌మెంటులో చేశారు, మీకు తెలియనిదా?"

నాకు తెలియనిది కాదు. ఒక వేసవిలో కోతలకు వచ్చిన కూలీ మనిషి ఒకతను మా లాకుల దగ్గర స్నానానికి దిగి పోయాడు. చదువు రానివాడు. విచారణకు వచ్చినవాళ్లు నన్ను అడిగింది ఒకటే, బోర్డు ఉందా అని. ఉంది. ఫోటో తీసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు. నేను ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాను. బోర్డు నన్ను కాపాడిందని సత్యవతితో గొప్పగా చెప్పాను కూడా. అది కాపాడవలసింది నన్ను కాదని ఆ రోజు నాకు తట్టలేదు. ఎదురుగా కూర్చున్న ఈ మనిషిని తిడదామని వెళ్లినవాణ్ణి, టీ తాగేసి, నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. తిట్టాల్సినవాడు బల్లకి అవతలా ఉన్నాడు, ఇవతలా ఉన్నాడు.

ఇంటికి వచ్చాక

నెల తిరగ్గానే మునిరత్నం ఫోను చేశాడు. మా లెటరుకు ఫలితం దక్కిందట. బోర్డుకు కొత్త రంగు వేశారు. ఏనుగుకు పట్టీ పక్కన గంట కూడా వేశారు. కింద అక్షరాలు అవే. కుప్పమ్మ చెప్పు తీసుకుపోయారు.

"అమ్మ ఇచ్చింది కట్టినా సార్. దాన్ని కూడా మొన్న పీక్కుని పోయినారు. ఇప్పుడు కర్ర ఒట్టిగా ఉండాది. నిన్నంతా గట్టు మీదనే నిలబడుకోని డబ్బా కొట్టినా."

"మరి నీ పని?"

"ఇంగా తీసేయలా. తీసేసినా ఆడనే నిలబడుకుంటా సార్. పోయేదానికి యాడుండాది?"

ఫోను పెట్టేసి సత్యవతికి చెప్పాను. లేచి, గుమ్మం పక్కన నెల్లాళ్లుగా ఒంటరిగా పడి ఉన్న నీలం పట్టీల చెప్పు తెచ్చి పాత పేపర్లో చుట్టింది. ఇన్నాళ్లూ పారేయమంటే ఎందుకు పారేయలేదో అప్పుడు తెలిసింది నాకు.

పోస్టాఫీసుకు ఇద్దరం వెళ్లాం. పార్సిలు తీసుకునే ఆయన మాకు తెలిసినవాడే. పొట్లం నొక్కి చూశాడు.

"లోపల ఏముందండీ?"

"చెప్పు" అన్నాను.

"జతా?"

"ఒకటే."

కళ్లజోడు కిందికి దించి నా వైపు చూశాడు. "ఒక్క చెప్పు ఎవరు పంపుతారండీ? వస్తువు పేరు ఏమని రాయమంటారు?"

ముప్పైరెండేళ్లు వాక్యాలు రాయించినవాణ్ణి, నాకు ఒక్క మాట దొరకలేదు. నా వెనక నుంచి సత్యవతి చెప్పింది.

"బోర్డు అని రాయండి."